కరెంటు తాళం: ఒక క్లబ్ పాట తయారీ డైరీ

జూన్ 6, రాత్రి

ఉక్కకు నిద్ర పట్టక చాప తీసుకుని మిద్దె ఎక్కాను. అనంతపురంలో జూన్ మొదటి వారమంటే రోహిణి కార్తె ఇంకా వీపు మీద నుంచి దిగలేదని అర్థం. వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటా ఉంది. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఈ రాత్రి ఎందుకో ఫోన్‌లో స్వరం కొలిచే ట్యూనర్ తెరిచి అటువైపు పట్టుకున్నా. ముల్లు జీ, జీ షార్ప్ అనే పక్కపక్క స్వరాల మధ్య నిలబడింది. ఇటూ పోదు, అటూ పోదు.

కారణం తెలిసిందే. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకులు ఒక్కో ఊపుకు రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి. అందుకే చెవికి తగిలేది సెకనుకు 100 ఊపులు, అంటే 100 హెర్ట్జ్. పియానో మీద ఆ చుట్టుపక్కల ఉన్న జీ 98, జీ షార్ప్ 103.8. మా ట్రాన్స్‌ఫార్మర్ ఆ రెండు ఇళ్ల మధ్య సందులో కాపురం పెట్టింది.

మూడేళ్లుగా ల్యాప్‌టాప్ మీద క్లబ్ ట్రాకులు చేస్తున్నాను. అన్నీ బెర్లిన్‌లో ఎవరో చేసి పక్కన పడేసినట్టే ఉంటాయి. కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) బాగుంటుంది, బేస్ బాగుంటుంది, నాది అనిపించేది మాత్రం ఒక్క ముక్క దొరకదు. తంబూరా లేకుండా కచేరీకి కూర్చునేవాడు లేడు కదా, మరి నా పాటకు తంబూరా ఏదని చాలాసార్లు అనుకున్నా. ఈ వీధిలో రాత్రీ పగలూ మీటుతున్నది ఒకటి ఉందని ఇన్నాళ్లూ తట్టలేదు.

ఒక్క పాట చేస్తాను. శ్రుతి ఇదే.

జూన్ 7

పొద్దున హోటల్లో ఉగ్గాని, బజ్జీ తింటూ రసీదు వెనకాల లెక్క వేశా. జీ 98లో సగం 49, గుయ్యి 100లో సగం 50. ఆ 49కి బదులు 50 కావాలంటే పాట మొత్తాన్ని 35 సెంట్లు పైకి జరపాలి. ఒక స్వరస్థానానికి వంద సెంట్లు, అంటే అందులో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. అంతవరకు సులువే.

తర్వాత వేగం సంగతి. సెకనుకు 50 అంటే నిమిషానికి 3000 ఊపులు. పాట వేగం 120 బీపీఎమ్ (నిమిషానికి 120 బీట్లు) పెడితే బీటుకు 25 పడతాయి, నాలుగు భాగాలుగా తెగవు. 150 పెడితే 20, నాలుగుతో తెగుతుంది, మూడుతో తెగదు. 125 పెడితే 24. నాలుగుతోనూ తెగుతుంది, మూడుతోనూ తెగుతుంది. చతురశ్రం, తిశ్రం రెండూ హాయిగా కూర్చుంటాయి.

24 అని రాసుకున్నాక బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. రోలాండ్ కంపెనీ 808 డ్రమ్ము పెట్టె, 303 బేస్ పెట్టె ఒకదాని తాళం ఒకటి అందుకునే తీగలో బీటుకు పోయేవి సరిగ్గా 24 పల్సులు. ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతి కూడా అదే అంకె పెట్టుకుంది. అంటే 125 బీపీఎమ్ దగ్గర మన ఇంటి ప్లగ్గులో వచ్చే కరెంటే ఒక మిడి క్లాక్. ఎవరూ పంపనక్కర్లేదు, గోడలో ఎప్పుడూ కొడుతూనే ఉంది.

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు. నాకు ఇద్దరూ ఒకే తీగ మీద దొరికారు. బిల్లు 70 రూపాయలు ఇచ్చి, ఆ రసీదు మాత్రం వెనక్కి అడిగి తెచ్చుకున్నా.

ఈ పెట్టెలు తలచుకున్నప్పుడల్లా చరణ్‌జిత్ సింగ్ గుర్తొస్తాడు. బొంబాయి సినిమా పాటల్లో వాయించే మనిషి. 1982లో 808, 303, జూపిటర్ 8 అనే సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డు) మూడూ ముందు పెట్టుకుని రాగాలను డిస్కో తాళం మీద వాయించి రికార్డు వేశాడు. అప్పుడు పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. అదే 303 గొంతును షికాగో కుర్రాళ్లు మెలితిప్పి యాసిడ్ హౌస్ అని పేరు పెట్టించుకున్నది ఇంకో ఐదేళ్లకు. ఇంకా వెనక్కి పోతే, 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్ బిగించిపోయాడు, అక్కడ మనవాళ్లు దాని మీద పనిచేశారు. ఈ విద్య మనకు నిన్న మొన్న దిగుమతైంది కాదని నాకు నేను చెప్పుకోవడానికి ఈ రెండూ చాలు.

జూన్ 9

పాత స్టెబిలైజర్‌ విప్పి అందులోని రిలే కాయిల్ ఒకటి పీకాను. దాని రెండు కొసలకు మైకు వైరు అతికించి సౌండ్ కార్డుకు పెట్టా. ఫ్రిజ్ వెనక అడాప్టరు పక్కన పెడితే చాలు, గుయ్యిమని వచ్చేసింది. ట్రాన్స్‌ఫార్మర్ కంచె దగ్గరికి పోయే పనే లేదు, పోకూడదు కూడా. కాయిల్‌కు తీగ తగలనక్కర్లేదు, చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రమే దానికి వినిపిస్తుంది. జర్మనీలో క్రిస్టీనా కుబిష్ అనే కళాకారిణి ఇలాంటి కాయిల్స్‌ను హెడ్‌ఫోన్లలో పెట్టి జనాన్ని నగరం వీధుల్లో నడిపిస్తుంది. ఏటీఎం ఒక రకంగా, ట్రామ్ తీగ ఇంకో రకంగా పలుకుతాయట. మా ఇంట్లో అన్నిటికన్నా వింతగా పలికింది ఎల్‌ఈడీ బల్బు. ముసలి తుమ్మెద.

ఇక దీన్ని తాళంగా మార్చాలి. ప్యూర్ డేటా అనే శబ్దాల ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొదట చేసింది మొరటు పని: ఊపు సున్నా దాటినప్పుడల్లా ఒక టిక్. హైహ్యాట్ (చిన్న తాళాల చిక్ చిక్) నత్తిగా వచ్చింది. ప్యూర్ డేటా శబ్దాన్ని 64 శాంపిళ్ల (శబ్దపు కొలతల) ముద్దలుగా నములుతుంది. 48 వేల శాంపిళ్ల రేటులో ఒక్కో ముద్ద 1.33 మిల్లీసెకన్లు. 20 మిల్లీసెకన్లకొకసారి రావాల్సిన టిక్ అంత అటూ ఇటూ జరిగితే చెవి పట్టేస్తుంది.

రెండో ప్రయత్నం: టిక్కులు లెక్కపెట్టడం మానేసి, సిగ్‌మండ్ అనే ఆబ్జెక్టుతో ఫ్రీక్వెన్సీ కొలిచి, ఆ అంకెను 24తో భాగించి ఒక ఫేజర్‌ను (సున్నా నుంచి ఒకటికి పదే పదే ఎక్కే అలను) తిప్పడం. సిగ్‌మండ్ మామూలుగా 1024 శాంపిళ్ల కిటికీలోంచి చూస్తుంది. 50 హెర్ట్జ్‌కు ఆ కిటికీలో ఒక్క ఊపే పడుతుంది, అది చూసి ఏం చెబుతుంది పాపం, సోది చెప్పింది. 4096కు పెంచాక దారికొచ్చింది. అంకెలు 49.96, 49.98, 50.01.

అయినా పది నిమిషాలకు తాళం గుయ్యి నుంచి పక్కకు జరిగిపోయింది. వేగం కలిసింది గానీ అడుగు కలవలేదు. అందుకని బీటుకొకసారి రెండిటి ఫేజు (ఊపులో ఎవరెక్కడున్నారో) పోల్చి, తేడాలో కొంచెం కొంచెం వెనక్కి లాగేలా ఒక ముక్క రాశా. కోలాటంలో అడుగు తప్పినవాడు ఒక్క గెంతులో కాకుండా, నాలుగడుగుల్లో వరసలో కలిసిపోతాడు చూడండి, అట్లా. ఇంజనీర్లు దీన్ని ఫేజ్ లాక్ అంటారు. రాత్రి రెండున్నరకు కుదిరింది.

మన కరెంటు గ్రిడ్ ఊపు ఉండాల్సిన హద్దు 49.90 నుంచి 50.05 హెర్ట్జ్. నా పాట లెక్కలో 124.75 నుంచి 125.125 బీపీఎమ్. 2013 డిసెంబర్ 31న రాయచూరు, షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి కాశ్మీరు ప్లగ్గులోనూ మా పాతూరు ప్లగ్గులోనూ ఒకటే ఊపు. సాయంత్రం దేశమంతా దీపాలు వేసుకుంటే నా హైహ్యాట్ వెంట్రుకవాసి మందగిస్తుంది. ఎవరికీ వినపడదు. నాకు తెలుసు, అంతే.

జూన్ 15

చప్పట్లు కావాలి. 808లోనూ దాని తమ్ముడు 909లోనూ చప్పట్ల శబ్దం ఒక్క దెబ్బ కాదు. హోరు ముక్కలు మూడు వెంటవెంటనే, సుమారు పది మిల్లీసెకన్ల ఎడంతో పడతాయి, వెనక ఒక తోక సాగుతుంది. పదిమంది చరిస్తే అందరి చేతులూ ఒకేసారి కలవవు కాబట్టి ఆ మోసం చెవికి నచ్చుతుంది.

నేను ఎండు బుడ్డలు (వేరుశనగ కాయలు) తెచ్చాను. కాయ నొక్కితే వచ్చే చిట్లు శబ్దం చాలా పొట్టిది, అంచు పదునుది. మైకుకు నాలుగు వేళ్ల దూరంలో అరవై కాయలు చిదిపా. వాటిలో నాలుగు ఏరి పది, పదకొండు, తొమ్మిది మిల్లీసెకన్ల ఎడంతో పేర్చి, చివరిదానికి పొట్టు గలగలను తోకగా కట్టాను. పొట్టును స్టీలు డబ్బాలో ఊపి రికార్డు చేసి, ఆ శబ్దాన్ని 15 మిల్లీసెకన్ల గింజలుగా తరిగి చల్లితే హైహ్యాట్ వచ్చింది. ఈ తరుగుడుకు పేరు గ్రాన్యులర్, అంటే గింజల పద్ధతే కదా, ఇక్కడ మాట కూడా అతికింది. వేరుశనగ మీద బతికే జిల్లాలో హైహ్యాట్‌కు సైంబల్ కొట్టాల్సిన ఖర్మేమిటి.

ఒక్క జాగ్రత్త: పచ్చికాయ పనికిరాదు. మెత్తగా పుసుక్కుమంటుంది.

జూన్ 16

మిగిలిన బుడ్డలన్నిటినీ మా అమ్మ వేయించి ఊరిబిండి పచ్చడి నూరేసింది. సెషన్ రద్దు.

జూన్ 24

కళ్యాణదుర్గం వైపు ఒక ఊరికి పోయి ఉరుము అనే రెండు ముఖాల డోలు వాయించే తాతను కలిశాను. జాతరల్లో ఉరుముల బృందాన్ని చిన్నప్పుడు చూశాను గానీ, ఇంత దగ్గరగా కూర్చోవడం ఇదే మొదలు. ముందే మాట్లాడుకున్నాం: రెండు గంటలు, రికార్డు చేసుకుంటా, ఇంత ఇస్తా, పాటలో వాడితే మళ్లీ వచ్చి వినిపిస్తా. ఆయన డబ్బు సంగతి విని ఊరుకున్నాడు, వినిపిస్తా అన్నప్పుడు మాత్రం తల ఊపాడు.

ఉరుములో రెండు వైపులు రెండు లోకాలు. ఒక వైపు పుల్లతో కొడతారు. ఇంకో వైపు వంపు తిరిగిన పుల్లను తోలు మీద ఆనించి రుద్దుతారు, అది మూలుగుతుంది. నొక్కు పెంచితే మూలుగు పైకి లేస్తుంది, వదిలితే కిందికి జారుతుంది. లండన్ వాళ్లు డబ్‌స్టెప్ అనే క్లబ్ సంగీతంలో ఫిల్టర్ తిప్పి తిప్పి తెచ్చిన ఆ బేస్ ఊగుడును ఈయన తోలు మీద చేత్తో చేస్తున్నాడు. హెడ్‌ఫోన్లలో వింటుంటే చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

నా ఆత్రం చూడండి, అక్కడే వేపచెట్టు కింద ల్యాప్‌టాప్ తెరిచి, ఒక నాలుగు బార్ల (పదహారు బీట్ల) ముక్క కోసి, నా కిక్ మీద పెట్టి వినిపించా. ఆయన చివరిదాకా విన్నాడు.

"ఇది నేను కొట్టిందే. కాకపోతే నేను యాడ ఆపల్లో నీ మిషన్ చెప్తాంది."

నేనేదో సర్దిచెప్పబోయాను. ఆయన ఉరుము ఒళ్లోకి తీసుకుని ఒకసారి కొట్టాడు, ఒకసారి రుద్దాడు. "కొడితే పలికేది తోలే, లాగితే ఏడ్చేది తోలే. కొట్టింది కొట్టినంత సేపే ఉంటాది. లాగింది మన చెయ్యి యా పక్కకు పోతే ఆ పక్కకు వస్తాది. రొండూ ఒకటి కాదప్పా."

బస్సులో తిరిగొస్తూ ఆ నాలుగు బార్లూ తీసేశాను.

జూన్ 30

ఆయన అన్నది సూటిగా చెప్పాలంటే, దెబ్బను శాంపిల్ చేయొచ్చు (రికార్డు చేసి ముక్కగా వాడుకోవచ్చు) గానీ రుద్దుడును చేయలేం. దెబ్బ పడ్డాక తోలు దాని దారిన అది పోతుంది. రుద్దుతున్నంత సేపూ మాత్రం చెయ్యి తోలుతో మాట్లాడుతూనే ఉంటుంది. కాబట్టి ఆ మాటల విధానాన్నే కట్టాలి.

పుల్ల తోలును పట్టుకుని కొంచెం లాగుతుంది, పట్టు తప్పుతుంది, తోలు వెనక్కి జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. వయొలిన్ మీద విల్లు చేసే పని కూడా ఇదే. లాగడం నిదానం, జారడం చటుక్కు, అందుకే అలను గీస్తే రంపపు పళ్లలా ఉంటుంది. ప్యూర్ డేటాలో ఒక రంపపు అల తీసుకుని, ప్రతి జారుడు సమయాన్నీ రవ్వంత అటూ ఇటూ కదిపా. దాన్ని ఒక్కోటి ఒక్కో స్వరానికి మోగే ఆరు రెజొనేటర్ల గుండా పంపా. గుండ్రటి తోలు మోగే స్వరాలు వరస లెక్కలో ఉండవు: 1 తర్వాత 1.59, 2.14, 2.30, 2.65, 2.92. మూలం 100 హెర్ట్జ్ అనుకుంటే 159, 214, 230, 265, 292. ఇవి ఒక దానితో ఒకటి పొసగవు కాబట్టే మామూలు డప్పుకు ఇదీ అని చెప్పగల స్వరం ఉండదు. మృదంగం మాత్రం స్వరం పలుకుతుంది. కుడివైపు మధ్యలో వేసే నల్లపూత బరువు ఈ పై స్వరాలను (ఓవర్‌టోన్లను) లాక్కొచ్చి వరసలో నిలబెడుతుందని సీవీ రామన్ 1920లోనే చూపించాడు. నేను చూసిన ఉరుముకు ఆ పూత లేదు. నాకూ వద్దు. శ్రుతి కరెంటు చూసుకుంటుంది, ఉరుము దానితో పోట్లాడాలి.

మొదటి రోజు తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు వచ్చింది. రెండో రోజు కూడా గేటే, కాకపోతే కొంచెం పెద్ద బంగళా గేటు. తప్పు ఎక్కడో ఆలస్యంగా తెలిసింది: నొక్కు పెంచినప్పుడు రంపపు వేగాన్ని మాత్రమే పెంచుతున్నా. నొక్కితే తోలు బిగుస్తుంది కదా, ఆరు రెజొనేటర్లూ కలిసి పైకి జరగాలి. అది కలిపాక మూలిగింది. నొక్కును ఒక నాబ్‌కు, చేతి కదలికను ఇంకో నాబ్‌కు కట్టాను. ఇప్పుడు అది శాంపిల్ కాదు, వాయించాల్సిన వస్తువు. వాయించడం నాకింకా రాదు.

సోఫీ అనే స్కాట్లండ్ నిర్మాత మోనోమెషీన్ సింథసైజర్ మీద ఉత్త అలల నుంచే రబ్బరు సాగినట్టు, లోహం మోగినట్టు, బుడగ పగిలినట్టు శబ్దాలు పుట్టించేది. 2021లో చనిపోయింది. రికార్డు చేసి తెచ్చిన రబ్బరు శబ్దం ఒక్క రబ్బరుదే, కట్టిన రబ్బరును ఎటైనా సాగదీయొచ్చు. ఆ పని ఎందుకంత కొత్తగా వినిపించేదో ఈ వారం చేతికి అర్థమైంది.

జూలై 4

తాతకు ఫోన్ చేసి స్పీకర్‌లో వినిపించా. చాలాసేపు నవ్వాడు. "దాహమైండాది దానికి, నీళ్లు పోయి" అన్నాడు. తీసేయమని మాత్రం అనలేదు.

జూలై 12

రివర్బ్ (మారుమోత) కోసం బావి. బోర్లు వచ్చాక మా చుట్టూ దిగుడుబావులన్నీ ఎండి, కంపచెట్లు మొలిచి పడున్నాయి. మా పెదనాన్న చేనులోనిది సుమారు 40 అడుగులుంటుంది. గట్టు మీద నేను, నాతో ఒక మనిషి, నడుముకు మోకు. లోపలికి దిగలేదు, రికార్డరునే తాడుతో గట్టుకు ఒక అడుగు కిందకు వేలాడదీశాం. బెలూన్ ఊది సూదితో పొడిచాం. ఆ ఒక్క ఠప్పుమన్న శబ్దానికి బావి ఇచ్చే జవాబును కంప్యూటర్‌లో పెడితే, ఆ తర్వాత ఏ శబ్దాన్నైనా అదే బావిలో వేసి తీయొచ్చు.

మొదటి బెలూన్‌కు బావిలోంచి పావురాలు గుంపుగా లేచాయి. ఆ రెక్కల టపటప ఇప్పుడు నా రివర్బ్‌లో ఉంది, కిక్ వేసినా బుడ్డల చప్పట్లు వేసినా వెనకాల పావురాలు లేస్తాయి. రెండోది, మూడోది శుభ్రంగా వచ్చాయి. మొదటిదే ఉంచుకున్నా.

అడుగు నుంచి తిరిగొచ్చే మారుమోతకు 70 మిల్లీసెకన్లు పట్టింది. 125 వేగంలో ఒక బారులో ముప్పైరెండో వంతు 60 మిల్లీసెకన్లు. పది ఆలస్యం. ఆ ఆలస్యం వల్ల ఉరుము కాస్త కుంటుతున్నట్టు నడుస్తుంది. తాళం గళ్లకు సరిచేద్దామని చెయ్యి పోయింది, ఆపుకున్నా.

జూలై 20

వారం రోజులు పాట ముట్టలేదు. చేనులో మోటరు కాలిపోయింది, రీవైండింగ్ షాపు చుట్టూ తిరగడం, మధ్యలో ఒక తడి, విత్తనం. ఒక్కటే లాభం: స్టార్టరు పడేటప్పటి ఠక్, వెనకే మోటరు గొంతు లేవడం రికార్డు చేశా. కిక్, బేస్ ఆగిపోయే బ్రేక్‌డౌన్ చివర్లో పెట్టాలి.

ఆగస్టు 2

మా మేనత్త కొడుక్కి షామియానా, డీజే బాక్సుల వ్యాపారం. చవితికి ముందు బాక్సులన్నీ గోదాములోనే ఉంటాయి. డబల్ 18 అంగుళాల బేస్ బాక్సులు నాలుగు, పైన టాపులు. మాకు బెంగళూరు క్లబ్బు 200 కిలోమీటర్ల దూరం. ట్రాక్టరు మీద ఈ బాక్సులు ఎక్కించి గడియారస్తంభం చుట్టూ తిప్పితే అదే మా క్లబ్బు, టికెట్ లేదు, చెప్పులతో రావచ్చు.

హెడ్‌ఫోన్లలో రెండు నెలలు విన్నదంతా అబద్ధమని ఇరవై సెకన్లలో తేలింది. కిక్ 200 హెర్ట్జ్ నుంచి 60 మిల్లీసెకన్లలో 50కి దిగి అక్కడ కూర్చుంటుంది, కాయిల్ పట్టిన గుయ్యి అడుగు స్వరం కూడా 50లోనే ఉంది. హెడ్‌ఫోన్లలో ఇద్దరూ ఒద్దికగా ఉన్నారు. ఇక్కడ ఒక బీటు గుండెల్లో తన్నింది, ఇంకో బీటు మాయమైంది. గుయ్యి పైకి పోతున్నప్పుడు కిక్ పడితే కలుస్తాయి, ఎదురుగా పడితే ఒకరినొకరు మింగుతారు. ఫేజ్ లాక్ ఉంది కదా అనుకుంటే, స్టార్టరు ముక్క అతికించినప్పుడు నేనే అర ఊపు జరిపేశాను. పది మిల్లీసెకన్లు. సరిచేశాక షట్టరు రేకు అదిరి ఒక బోల్టు రాలింది.

ఇంకోటి. గోదాములో ఒకచోట నిలబడితే బేస్ అసలు లేదు, రెండడుగులు పక్కకేస్తే ఉంది. ఈ వేడిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది, 50 హెర్ట్జ్ అల పొడవు ఏడు మీటర్లు. రెండు బాక్సుల నుంచి మనకున్న దూరాల్లో మూడున్నర మీటర్ల తేడా వస్తే రెండు అలలూ కొట్టేసుకుంటాయి. బాక్సులు నాలుగూ ఒకేచోట పక్కపక్కన చేర్చాం. బావ పదేళ్లుగా ట్రాక్టరుకు రెండు కొసలా పెట్టి, మధ్యలో జనం ఎందుకు ఎగరరా అనుకుంటున్నాడట.

నాలుగు నిమిషాలు విని అడిగాడు: "అంతా బాగుండాది గానీ బామ్మర్దీ, పాట ఎప్పుడు మొదలైతాది?"

మొదలై నాలుగు నిమిషాలైందని చెప్పా. "ఓహో" అన్నాడు. కాసేపయ్యాక గమనిస్తే కాలు కొడుతున్నాడు, తెలియకుండానే తిశ్రంలో.

ఆగస్టు 9, రాత్రి

ఊరి బయట చేనులో జనరేటరు మీద పరీక్ష. ఊరేగింపులో ప్లగ్గు ఉండదు కదా, ట్రాక్టరు వెనక 15 కేవీఏ డీజిల్ జనరేటరే గతి. పది దాటితే మైకులు ఆపాలి కాబట్టి ఆరున్నరకే మొదలుపెట్టాం.

ముందు ఇంట్లో చేసిపెట్టుకున్న ఫైలు వేశా. ఘోరం. పాట కింద వావ్ వావ్ వావ్ అని ఏదో కొట్టుకుంటోంది. కాయిల్ తీసి జనరేటరు కేబులు పక్కన పెట్టి అంకె చూస్తే 51.8. ఇంజను నిమిషానికి 1500 తిరిగితేనే 50. బరువు లేనప్పుడు కొంచెం ఎక్కువ తిరిగేలా గవర్నరును పెడతారు, బరువు పడ్డాక దిగొచ్చి 50 దగ్గర నిలబడాలని. అంటే ఆంప్లిఫయర్లలోంచి కారుతున్న గుయ్యి 103.6, నా పాటలోది 100. సెకనుకు మూడున్నర సార్లు రెండూ కలిసి విడిపోతున్నాయి. రెండు నెలలు కట్టిన శ్రుతి ఊరి పొలిమేర దాటగానే అపశ్రుతి.

ఫైలు ఆపేశా. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే ఉంది. కాయిల్‌ను కేబులుకు టేపు చుట్టి కట్టి, ప్యూర్ డేటా ప్యాచ్‌ను (నేను కట్టిన ప్రోగ్రామును) లైవ్‌గా తిప్పాను. హెర్ట్జ్‌ను రెండున్నరతో గుణిస్తే బీపీఎమ్. 51.8 అంటే 129.5. శ్రుతి, తాళం రెండూ జనరేటరుకు అప్పజెప్పేశాను.

వావ్ వావ్ ఆగిపోయింది. కానీ కిక్ పడ్డ ప్రతిసారీ ఇంజను కుంగుతోంది, కుంగినప్పుడల్లా తాళం కుంగుతోంది, తాగినవాడు మెట్లు దిగుతున్నట్టు. కొలతను రెండు సెకన్ల మీద సగటు తీసేలా నెమ్మది చేశా. అప్పుడు నిలబడింది. నాలుగు బాక్సులూ ఊపు మీద ఉంటే 50.6, అంటే 126.5.

తర్వాత వచ్చింది నేను రాయనిది. బ్రేక్‌డౌన్‌లో కిక్ పోయింది, బేస్ పోయింది, బుడ్డల పొట్టు, ఉరుము మాత్రమే మిగిలాయి. బరువు తగ్గేసరికి ఇంజను ఊపిరి పీల్చుకుంది, 50.6 నుంచి 51.8కి ఎక్కసాగింది. దాంతో తాళం లేస్తోంది, శ్రుతి లేస్తోంది, ఉరుము మూలుగు దానంతటదే పైకి పోతోంది. నలభై సెంట్లు, అర స్వరం కూడా కాదు, కానీ నిలబడ్డ చోట నిలబడనివ్వదు. స్టార్టరు ఠక్ పడింది, కిక్ దిగింది, ఇంజను ఒక్కసారిగా బరువెక్కి పాట మొత్తం భూమి మీదకు కూర్చుంది. క్లబ్ సంగీతంలో ఈ లేవడం, దిగడం కోసం ఆటోమేషన్ గీతలు గీసి గీసి చస్తాం. ఇక్కడ డీజిల్ గీసింది.

బావ జనరేటరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "దీన్ని నేను ఏడేండ్లుగా తోలుతాండా. పాడతాదని ఎప్పుడూ అనుకోల్యా."

ఏడున్నరకు చీకట్లోంచి టార్చిలైటు ఒకటి వచ్చింది. పక్క చేను రైతు, భుజాన తువ్వాలు. "త్రీఫేజ్ వచ్చిందేమో అనుకున్న్యా, గుయ్యిమంటాంటే. మోటరు ఏద్దామని వస్తి" అన్నాడు. రాలేదని చెప్పాం. ఆయన టార్చి ఆర్పి గట్టు మీద కూర్చున్నాడు, డీజిల్ అయిపోయేదాకా.

ఆగస్టు 10

ఐదు లీటర్ల డీజిల్ డబ్బులు బావకు ఇవ్వాలి. కాయిల్ టేపు వేడికి కరిగింది, కేబులు టైతో కట్టాలి. నొక్కు నాబ్ చీకట్లో కనపడలేదు, దాని మీద తెల్ల పెయింటు చుక్క పెట్టాలి. తాతకు ట్రాక్టరు దగ్గరికి బస్సు చార్జీలు పంపాలి. ఉరుము తెచ్చుకోమని చెప్పా. ఎప్పుడు ఆపాలో చెప్పే మిషన్ ఇప్పుడు లేదని, జనరేటరు ఉందని చెప్పా. "అదైతే పర్వాల్యా" అన్నాడు.